పాత ట్రాక్టర్ లోడు పడగానే ఆగిపోతోందా? పంపు విప్పించే ముందు ఇవి చూసుకోండి

ఖాళీగా ఉన్నంతసేపు బండి బాగానే ఆడుతుంది. రేస్ ఇస్తే పలుకుతుంది. నాగలి నేలలో దిగి నాలుగు బారలు వెళ్లేసరికి, లేదా వడ్ల బస్తాల ట్రక్కుతో గట్టు ఎక్కేసరికి శబ్దం దిగిపోయి, మూలిగి ఆగిపోతుంది. పాత ట్రాక్టర్ ఉన్న ఇంట్లో ఈ ఇబ్బంది ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అదీ దమ్ముల రోజుల్లోనే వస్తుంది, ఎందుకంటే అసలు లోడు పడేది అప్పుడే. చుట్టూ చేరిన వాళ్లలో ఒకరు పంపు (నాజిళ్లకు ఒత్తిడితో డీజిల్ కొట్టేది) పోయిందంటారు, ఇంకొకరు బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) అరిగిపోయిందంటారు. రెండూ వేల రూపాయల పనులు.

నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: పంపు, బోరు ఆఖరి మాటలు. ముందు ట్యాంకు మూత దగ్గర మొదలుపెట్టి, డీజిల్ నడిచే దారి వెంట వరసగా చూసుకుంటూ రండి. ఎక్కువసార్లు జబ్బు పంపు దాకా రాకముందే దొరుకుతుంది. మాస్సీ 1035, మహీంద్రా 575, బి-275 లాంటి పాత డీజిల్ బండ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. కంప్యూటర్‌తో నడిచే కొత్త ఇంజిన్లకు ఈ పద్ధతి సరిపోదు.

పానాల సెట్టు, స్క్రూడ్రైవర్, పోగులు ఊడని శుభ్రమైన గుడ్డ, ఒక ప్లాస్టిక్ టబ్బు, లోపల ఏం పోతోందో కనిపించే డీజిల్ పైపు రెండు మూడు అడుగులు, కొన్ని రాగి వాషర్లు, కాస్త మంచి డీజిల్ దగ్గర పెట్టుకోండి.

ఆగేటప్పుడు పొగ చూడండి

పానా పట్టుకునే ముందు ఒక పని. తెలిసినవాళ్లెవరినైనా నడపమని చెప్పి, మీరు పక్కగా, కాస్త దూరంగా నిలబడి సైలెన్సర్ మీదే చూపు పెట్టండి. మడ్‌గార్డు మీద కూర్చుని చూడొద్దు. లోడులో బండి ఒక్కసారి గుంజితే చక్రం కిందకే పడతారు.

శబ్దం దిగిపోతూ నల్లటి పొగ గుప్పుగుప్పున వస్తోందంటే డీజిల్ అందుతోంది, అది కాలడానికి గాలి చాలడం లేదు. లేదా మోయలేని లోడు వేశారు, లేదా సిలిండర్లోకి డీజిల్ కొట్టే నాజిల్ సరిగ్గా చిమ్మడం లేదు. తెల్ల పొగ వస్తే డీజిల్ కాలకుండానే బయటికి వస్తోంది. నీళ్లు కలిసిన డీజిల్, పాడైన నాజిల్, తగ్గిన కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుకునే బలం), తప్పిన టైమింగ్ (డీజిల్ చిమ్మాల్సిన సమయం), వీటిలో ఒకటి. నీలం రంగు పొగ ఇంజిన్ ఆయిల్ కాలుతున్న గుర్తు.

అన్నిటికంటే ఎక్కువగా చూసేది ఇంకొకటి. పొగ ఏమీ లేకుండా, ఉన్న పొగ కూడా పలచబడి, ఆకలితో ఉన్న మనిషిలా ఓపిక తగ్గుతూ తగ్గుతూ ఆగిపోతుంది. పది నిమిషాలు ఆగి స్టార్ట్ చేస్తే మళ్లీ ఏమీ తెలియనట్టు నడుస్తుంది, కాసేపటికి మళ్లీ అదే కథ. ఇది డీజిల్ అందకపోవడం. ఖాళీగా ఆడేటప్పుడు ఇంజిన్‌కి కొంచెం డీజిల్ చాలు, సన్నటి ధార వచ్చినా నడిచిపోతుంది. లోడు పడితే దానికి కొన్ని రెట్లు కావాలి. దారిలో ఎక్కడో ఇరుకు ఉంటే ఆ తేడా అప్పుడే బయటపడుతుంది. ఆగి ఉన్నంతసేపు ఫిల్టర్లో, చెత్త దిగే గిన్నెలో మళ్లీ డీజిల్ నిండుతుంది కాబట్టే కాసేపు బాగా నడుస్తుంది.

తాళం తిప్పినట్టు ఒక్కసారిగా చచ్చిపోతే గాలి పట్టడం గానీ, నీళ్లు రావడం గానీ, ఇంజిన్ ఆపే స్టాప్ కేబుల్ గానీ అనుమానించండి. ఇంజిన్ బాగా వేడెక్కి, బిగుసుకుపోతున్నట్టు ఆగితే మాత్రం మళ్లీ స్టార్ట్ చేసే ప్రయత్నం చేయకండి. అది వేరే సంగతి, కింద చెబుతాను.

ఇంజిన్ తప్పే కాకపోవచ్చు

ఇంజిన్ శబ్దం దిగకుండా బండి మాత్రం ముందుకు పోకపోతే అది క్లచ్ జారడం. ఇంజిన్ జోలికి పోనక్కర్లేదు. శబ్దం దిగిపోతుంటే చిన్న వాలులో న్యూట్రల్ వేసి చూడండి, బండి దానంతట అది దొర్లాలి. దొర్లకపోయినా, కాసేపు నడిపాక ఒక పక్క బ్రేకు డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా బ్రేకు పట్టుకుని ఉంది. సగం బలం అక్కడే పోతోంది.

పనిముట్టు సైజు కూడా చూడండి. 35 హార్స్‌పవర్ పాత బండికి ఆరడుగుల రోటవేటర్ తగిలించి, ఎండి బిగిసిన నల్లరేగడిలో లోతుగా దింపితే కొత్త ఇంజిన్ అయినా మూలుగుతుంది. అదే పొలంలో, అదే లోతులో పోయినేడు లాగిన బండి ఈ ఏడు లాగకపోతేనే జబ్బు ఉన్నట్టు.

డీజిల్ దారి

పొగ లేకుండా ఆగుతుంటే నేరుగా ఇక్కడికి రండి.

మొదట ట్యాంకు మూత. మూతకి చిన్న గాలి రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో, గ్రీజుతో పూడుకుపోతే డీజిల్ తగ్గే కొద్దీ ట్యాంకు లోపల ఖాళీ పుట్టి, డీజిల్‌ని వెనక్కి లాగి పట్టుకుంటుంది. బండి ఆగిపోయిన వెంటనే మూత తిప్పండి. లోపలికి గాలి పీల్చుకుంటూ సుయ్‌మని శబ్దం వస్తే జబ్బు దొరికింది. గుండుసూదితో రంధ్రం శుభ్రం చేస్తే సరిపోతుంది. మూత పోయిందని పాలిథిన్ కవరు కప్పి రబ్బరు బ్యాండు వేసుకుని తిరిగే బండ్లు చాలా ఉన్నాయి. ఆ కవరు కూడా గాలి ఆడనివ్వదు. పైగా చిరిగిన పీలిక లోపల పడితే ఇంకో జబ్బు. కొత్త మూత కొనండి.

తర్వాత ట్యాంకు కుళాయి. కుళాయి నుంచి వచ్చే పైపుని అవతలి కొస దగ్గర విప్పి టబ్బులో పెట్టి కుళాయి పూర్తిగా తెరవండి. ఈ బండ్లలో ట్యాంకు పైనే ఉంటుంది కాబట్టి ధార నిండుగా పడాలి. ఇక్కడ తొందరపడొద్దు, రెండు నిమిషాలు చూస్తూ ఉండండి. మొదట నిండుగా వచ్చి తర్వాత సన్నబడితే ట్యాంకులో ఏదో ఉంది. గడ్డి పరకో, వడ్ల పొట్టో, డబ్బా మూతలోంచి ఊడిన రబ్బరు ముక్కో. ధార లాగినప్పుడు వచ్చి రంధ్రానికి అడ్డం పడుతుంది, కుళాయి కట్టేస్తే తేలిపోతుంది. అందుకే మెకానిక్ వచ్చి చూసేసరికి అంతా బాగానే ఉంటుంది. మూత తీసి, పైపులోంచి సైకిల్ పంపుతో వెనక్కి గాలి కొడితే అప్పటికి దారి తెరుచుకుంటుంది. అసలు మందు మాత్రం ట్యాంకు దించి, డీజిల్‌తో కడిగి, కుళాయి జాలీ శుభ్రం చేయడమే. నోటితో మాత్రం పీల్చకండి. డీజిల్ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం.

మూడోది చెత్త దిగే గిన్నె. కొన్ని బండ్లలో ఇది గాజుది, ట్యాంకు నుంచి డీజిల్ లాగి ముందుకు పంపే ఫీడ్ పంపు కిందే ఉంటుంది. విప్పి వెలుతురులో పట్టుకుని చూడండి. డీజిల్ అడుగున వేరుగా, ముత్యాల్లా గుండ్రంగా దొర్లేవి నీళ్లు. నల్లగా, జిగటగా పేరుకున్నది మడ్డి. నీళ్లు ఒక్క చుక్క ఉన్నా ట్యాంకు అడుగున ఇంకా ఉన్నాయని అర్థం, గిన్నె కడిగేసి ఊరుకుంటే చాలదు. వానాకాలంలో సగం ట్యాంకుతో రాత్రంతా బండి నిలబెడితే ఖాళీ భాగంలో తేమ నీరై దిగుతుంది, కాబట్టి సాయంత్రమే ట్యాంకు నింపి పెట్టడం మంచి అలవాటు. గిన్నె బిగించేటప్పుడు వాషర్ గట్టిపడి ఉంటే మార్చేయండి. పాత వాషర్ దగ్గరే గాలి దూరుతుంది.

ఇప్పుడు ఫీడ్ పంపు. మాస్సీ లాంటి బండ్లలో దీన్ని ఏసీ పంపు అంటారు, లోపల రబ్బరు పొర ఉంటుంది. పక్కన ఉన్న చిన్న మీటని చేత్తో కొట్టి చూడండి, ప్రతి దెబ్బకీ బరువు తెలియాలి, డీజిల్ ఎగదన్నాలి. బరువు తెలియకపోతే పంపు పోయిందని వెంటనే అనుకోకండి. ఇంజిన్ ఆగిన చోట కామ్ (ఆ పంపుని ఆడించే, ఇంజిన్ లోపలి తిరిగే ఉబ్బు) ఆ పంపు చేతిని నొక్కిపట్టి ఉండొచ్చు. ఇంజిన్‌ని ఒక చుట్టు తిప్పి మళ్లీ కొట్టండి. అప్పటికీ ఒట్టిగానే ఆడితే పొర చిరిగింది, లేదా లోపలి వాల్వులు పట్టడం లేదు. ఇదే సమయంలో ఆయిల్ కొలకర్ర తీసి చూడండి. ఆయిల్ మట్టం గుర్తు కంటే పైకి వచ్చి, డీజిల్ వాసన వస్తుంటే చిరిగిన పొరలోంచి డీజిల్ ఇంజిన్‌లోకి దిగుతోంది. ఆ ఆయిల్‌తో బండి నడిపితే బేరింగులు పోతాయి. పొర మార్చి, ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ కూడా మార్చాకే స్టార్ట్ చేయాలి.

నాజిళ్లకు డీజిల్ కొట్టే పెద్ద పంపు పొడుగ్గా ఉన్న బండ్లలో ఫీడ్ పంపు ఆ పంపు పక్కనే ఉంటుంది. పైన చేత్తో కొట్టే నాబ్ ఉంటుంది. కొట్టడం అయ్యాక ఆ నాబ్‌ని నొక్కి, మర తిప్పి బిగించాలి. మర్చిపోతే అక్కడినుంచే గాలి పీలుస్తుంది.

ఫిల్టర్ల దగ్గర పొదుపు వద్దు. కాగితం ఫిల్టర్‌ని డీజిల్‌లో కడిగి మళ్లీ వేసేవాళ్లున్నారు. కడిగితే పైన మురికి పోయినట్టే కనిపిస్తుంది, సన్నటి దుమ్ము కాగితం లోపలే ఉండిపోతుంది, లేదా చిరిగిన చోటునుంచి నేరుగా పంపులోకి పోతుంది. రెండు ఫిల్టర్లూ మార్చండి, వాటితో వచ్చే రబ్బరు రింగులు కూడా మార్చండి. షాపులో మైకో అని అడిగితే బాష్ అట్ట ఇస్తే అనుమానపడక్కర్లేదు. 1951లో మొదలైన బెంగళూరు మైకో కంపెనీయే 2008లో బాష్ అయింది. చూడాల్సింది అట్ట మీది పార్టు నంబరు.

ఇంతదాకా చూసినా తేలకపోతే ఒక పరీక్షతో దారిని రెండు ముక్కలు చేయొచ్చు. ఐదు లీటర్ల శుభ్రమైన డబ్బాలో మంచి డీజిల్ పోసి, ఇంజిన్ కంటే ఎత్తులో, సైలెన్సర్‌కి దూరంగా గట్టిగా కట్టండి. దాని పైపుని ఫీడ్ పంపు దాటాక, మొదటి ఫిల్టర్‌కి వెళ్లే చోట తగిలించండి. డబ్బా మూత వదులుగా ఉంచి, గాలి తీసి, కాసేపు లోడులో నడిపి చూడండి. బండి లాగితే జబ్బు ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా (ఆ పంపుతో కలిపి) ఉన్న దారిలోనే ఉంది. లాగకపోతే ఫిల్టర్లలోనో వాటి తర్వాతో ఉంది.

గాలి పట్టడం

డీజిల్ బయటికి కారే చోటు కంటితో దొరుకుతుంది. ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య పగుళ్లు ఉంటే మాత్రం ఫీడ్ పంపు పీల్చినప్పుడు గాలి లోపలికి పోతుంది, బయట చుక్క తడి కూడా కనిపించకపోవచ్చు. ఆ పాత రబ్బరు పైపు తీసి, తెచ్చిన పారదర్శకపు పైపు తాత్కాలికంగా వేయండి. ఇంజిన్ నడుస్తుండగా అందులో బుడగలు వరసగా పోతుంటే వెనక ఎక్కడో లీకుంది. క్లిప్పులు, బోలు బోల్టుల రాగి వాషర్లు, గిన్నె వాషర్ ఒక్కోటీ చూడండి. కొత్త రాగి వాషర్లు అందుబాటులో లేకపోతే పాతవాటిని ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే మెత్తబడి మళ్లీ పట్టుకుంటాయి. వాటి మీది నల్లటి పెంకు తుడిచి వేయాలి.

గాలి తీసేటప్పుడు వరస ముఖ్యం. మొదటి ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి నిండు డీజిల్ వచ్చేదాకా చేతి మీట కొట్టి, డీజిల్ కారుతుండగానే బిగించండి. తర్వాత రెండో ఫిల్టర్, ఆ తర్వాత పంపు మీది స్క్రూ. ఆఖరున నాజిళ్ల దగ్గర పైపు నట్లు కొంచెం వదులు చేసి స్టార్టర్ కొడితే డీజిల్ చుక్కలుగా వస్తుంది, అప్పుడు బిగించాలి. స్టార్టర్‌ని పది పదిహేను సెకన్లకు మించి ఒకే పట్టున కొట్టకండి.

నల్ల పొగ వస్తే

పాత బండ్లలో ఎయిర్ క్లీనర్ ఎక్కువగా ఆయిల్ గిన్నె రకమే. గిన్నె దించి చూడండి. ఆయిల్ బురదలా చిక్కబడి, అడుగున వేలు గుచ్చితే మట్టి ముద్ద తగిలితే అదే కారణం. మట్టి తీసేసి, గిన్నె కడిగి, గుర్తు దాకా కొత్త ఇంజిన్ ఆయిల్ పోయండి. గుర్తు దాటితే ఇంజిన్ ఆ ఆయిల్‌నే లోపలికి పీల్చి, ఆపినా ఆగకుండా రేస్ అయిపోయే ప్రమాదం ఉంది. పైనున్న జాలీని కూడా డీజిల్‌లో ముంచి ఆరబెట్టండి. నూర్పిళ్లప్పుడు, పొడి దుక్కిలో ఈ గిన్నె రోజూ చూడాల్సిందే. గిన్నె నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు గొట్టం లోపలి పొర ఊడి ముడుచుకుపోయినా ఇదే లక్షణం. చాలాకాలం నిలబెట్టిన బండి అయితే సైలెన్సర్లో కందిరీగల గూడు, తుప్పు పెచ్చులు ఉన్నాయేమో కూడా చూడండి.

యాక్సిలరేటర్, స్టాప్ కేబుల్

రెండు నిమిషాల పని, చాలామంది చూడరు. ఇంజిన్ ఆపి, ఒకరిని యాక్సిలరేటర్ పూర్తిగా ఇవ్వమని, మీరు పంపు దగ్గర చూడండి. పంపు మీది చెయ్యి వెళ్లి ఆఖరి స్క్రూకి తగలాలి. తగలకపోతే మధ్యలో రాడ్డు వంగిందో, కీలు అరిగిందో సరిచేయండి. స్టాప్ నాబ్ పూర్తిగా వెనక్కి వెళ్తోందా అన్నదీ చూడండి. కేబుల్ తుప్పు పట్టి సగంలో ఆగితే డీజిల్ సగమే అందుతుంది, ఖాళీగా ఆడేటప్పుడు ఆ తేడా తెలియదు. పంపు మీద సీలు వేసిన స్క్రూలను మాత్రం తిప్పకండి. డీజిల్ పెంచితే ఒక సీజను బలం వచ్చినట్టుంటుంది, ఆ తర్వాత పిస్టన్లు కాలిపోతాయి.

నాజిళ్లు

ఇంజిన్ నిదానంగా ఆడుతుండగా ఒక నాజిల్ పైపు నట్టు మీద గుడ్డ వేసి పానాతో అర చుట్టు వదులు చేయండి. శబ్దం కుంటుపడితే ఆ సిలిండర్ పనిచేస్తోంది. తేడా ఏమీ రాకపోతే అదే బద్ధకపు సిలిండర్. బిగించి తర్వాతది చూడండి.

ఇక్కడ జాగ్రత్త. నాజిల్ దగ్గర డీజిల్ సుమారు 200 బార్ ఒత్తిడితో చిమ్ముతుంది. లీకు ఉందేమోనని వేలు పెట్టి చూడొద్దు. ఆ ధార చర్మంలోంచి దూసుకుపోతుంది. పైకి చీమ కుట్టినంత మచ్చే కనిపిస్తుంది, నొప్పి కూడా వెంటనే ఉండకపోవచ్చు. లోపల మాత్రం వేలు, చెయ్యి పోయే గాయం. అలా జరిగితే తెల్లారేదాకా చూడకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లి, ఒత్తిడితో డీజిల్ దూరిందని డాక్టరుకు చెప్పాలి.

బద్ధకపు సిలిండర్ నాజిల్‌ని పక్కదానితో మార్చి, కొత్త రాగి వాషర్లతో బిగించి మళ్లీ చూడండి. జబ్బు నాజిల్‌తో పాటే పక్క సిలిండర్‌కి వెళ్తే తప్పు నాజిల్‌ది, ప్రెషర్ టెస్టుకి ఇవ్వండి. అక్కడే ఉండిపోతే టాపెట్లు (వాల్వుల్ని తెరిచే భాగాలు), కంప్రెషన్ చూడాలి. టాపెట్ సందు ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది, మాన్యువల్లో ఉన్నదే పెట్టించండి.

వేడెక్కాకే ఆగితే

ముందు రేడియేటర్. నీళ్లు, ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ రెక్కల మధ్య ఇరుక్కున్న గడ్డి, దుమ్ము చూడండి. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయొద్దు.

ఇంజిన్ వేడి మామూలుగానే ఉన్నా, ఆగిపోయాక చల్లారేదాకా మళ్లీ స్టార్ట్ కాకపోతే పంపు వైపు చూడాలి. గుండ్రంగా ఉండి, నాజిల్ పైపులు వృత్తంలో బయటికి వచ్చే రోటరీ పంపుల్లో ఇది ఎక్కువ. ఇంజిన్ ఆపి ఉండగా పంపు మీద తడి గుడ్డ చుట్టి కొన్ని నిమిషాలు ఉంచండి. అప్పుడు స్టార్ట్ అయితే పంపు లోపల అరిగింది, వేడికి పలచబడిన డీజిల్ ఆ సందుల్లోంచి జారిపోతోంది. నడుస్తున్న పంపు మీద చన్నీళ్లు పోయడం మాత్రం తప్పు, లోపల బిగుసుకుపోతుంది.

పంపు, బోరు

ఇవన్నీ చూశాక కూడా లాగకపోతే ఆయిల్ పోసే మూత తీసి ఇంజిన్ నిదానంగా ఆడించండి. అక్కడినుంచి పొగ దబదబా తంతూ, సైలెన్సర్లో నీలం పొగ కూడా ఉండి, ఆయిల్ తరచూ పోయాల్సి వస్తుంటే అప్పుడు బోరు గురించి మాట్లాడొచ్చు. ఇవేమీ లేకుండా డీజిల్ దారి, గాలి దారి శుభ్రంగా ఉండి బలం లేకపోతే పంపుని టెస్టు బెంచి ఉన్న షాపుకే ఇవ్వండి. చెట్టు కింద విప్పి చూసే పని కాదు అది.

పంపు దించే ముందు పంపు ఫ్లాంజికీ (ఇంజిన్‌కి బిగించే అంచు) ఇంజిన్‌కీ కలిపి ఒక గీత గీయించండి. బిగించేటప్పుడు ఆ గీత కలవకపోతే టైమింగ్ తప్పి, బాగైన పంపుతో కూడా తెల్ల పొగో నల్ల పొగో వస్తుంది. షాపులో బెంచి మీద ఒక్కో సిలిండర్‌కి ఎంత డీజిల్ ఇస్తోందో మీ ముందే చూపించమనండి. అన్నీ దగ్గర దగ్గరగా ఉండాలి. బండి మీద బిగించి, గాలి తీశాక, ఆగిపోయిన అదే పొలంలో, అదే గేరులో, అదే లోతులో ఒక గంట నడపండి. తర్వాత గిన్నె మరోసారి విప్పి చూడండి. కదిలిన మడ్డి అందులోకే దిగుతుంది.